నాన్న పేరు మీద 115 కిలోమీటర్లు

ఎడమ కాలి బొటనవేలి గోరు నల్లబడి వారం అయింది. ఊడిపోతుందని మా అమ్మాయి, ఊడదని నేను. స్పెయిన్‌లో ఆరు రోజులు నడిచి వచ్చినందుకు నాకు మిగిలినవి ఈ గోరు, చిన్న గొట్టంలో చుట్టి పెట్టిన ఒక లాటిన్ కాగితం, 713 యూరోల లెక్క రాసిన పాకెట్ పుస్తకం. గోరు సంగతి ఎటు తేలినా, మిగతాది మరిచిపోకముందే రాసి పెడదామని కూర్చున్నాను.

నాకు యాభై ఎనిమిదేళ్ళు. కుడి మోకాలు మెట్లు దిగేటప్పుడు పలుకుతుంది. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో గుమస్తాగా చేసి స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మాది కృష్ణ ఒడ్డున ఒకప్పుడు ఉండిన ఊరు. 1981లో శ్రీశైలం జలాశయం నీళ్ళు ఎక్కినప్పుడు పోయిన ఊళ్ళలో అదొకటి. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా నాన్న ఏటా శివరాత్రికి ఆత్మకూరు వైపు నుంచి నల్లమల దారిలో శ్రీశైలానికి నడిచేవారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, చివరకు కైలాస ద్వారం. పదకొండేళ్ళప్పుడు ఒక్కసారి నన్నూ తీసుకెళ్ళారు. నాన్న 2023లో పోయారు. ఆయన పేరు మీద ఒక్క శివరాత్రికైనా ఆ దారి నడుస్తానని మొక్కుకున్నాను.

2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వచ్చింది. జర్మనీలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్ళడానికి వీసా కోసం జనవరి మధ్యలో ప్రయత్నం మొదలుపెడితే, ఐదు వారాలకు గానీ వేలిముద్రల తేదీ దొరకలేదు. దొరికింది ఫిబ్రవరి 25, హైదరాబాదులో. వదులుకుంటే మళ్ళీ ఏప్రిల్ అన్నారు. శివరాత్రి ఉపవాసం హైదరాబాదులో తమ్ముడి ఇంట్లో చేశాను. తొంభై యూరోలకు సమానమైన వీసా రుసుము, దాని మీద వీసా కేంద్రం వాళ్ళ సేవా రుసుము, ముప్ఫై వేల యూరోలకు తగ్గని ప్రయాణ బీమా. పాస్‌పోర్టు పదిహేడు రోజులకు, మార్చి 14న తిరిగి వచ్చింది. జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసాతోనే స్పెయిన్ కూడా వెళ్ళవచ్చు, వేరే వీసా అక్కరలేదు.

మా అమ్మాయితో ఫోనులో మొక్కు సంగతి చెప్పి కాస్త ఏడ్చాను. అది విని ఊరుకోలేదు. "నడవడమే కావాలంటే ఇక్కడా దారి ఉందమ్మా, వెయ్యేళ్ళుగా నడుస్తున్నారు" అంది. స్పెయిన్ వాయవ్య మూలన గలీషియాలో యేసు శిష్యుడు యాకోబు సమాధి ఉందని క్రైస్తవుల నమ్మకం. అక్కడికి పోయే దారులన్నిటినీ కలిపి కమీనో అంటారు. "మన దేవుళ్ళు చాలకపోయారా?" అన్నాను. "దేవుడి సంగతి తర్వాత చూద్దాం. ఆరు రోజులు నువ్వూ నేనూ నడుద్దాం, నాకు నీతో అంతసేపు ఎప్పుడు దొరికింది?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మే 10న మాద్రిద్ మీదుగా విమానంలో, ఆ సమాధి ఉన్న సాంతియాగోకే వెళ్ళాం. సరిగ్గా చేరవలసిన ఊళ్ళోనే ముందు దిగాం అన్నమాట. మర్నాడు అక్కడి నుంచి బస్సులో లూగో, లూగోలో బస్సు మారి సారియా. మారడానికి ఆగిన గంటన్నరతో కలిపి నాలుగు గంటలు. కిటికీలోంచి వెనక్కి పోతున్న కొండలు చూస్తుంటే, వీటిని మళ్ళీ కాళ్ళతో కొలవాలి కదా అని కడుపులో కొద్దిగా తిప్పింది. సారియా నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. సాంతియాగోలోని యాత్రికుల ప్రధాన కార్యాలయం వాళ్ళు ఇచ్చే యాత్రా పత్రానికి కనీసం వంద కిలోమీటర్లు నడవాలి. సారియా నుంచి సుమారు 115. అందుకే జనంలో చాలామంది ఇక్కడే చేరతారు. ఫ్రాన్స్ సరిహద్దు నుంచి నెల రోజులు నడిచి వచ్చినవాళ్ళు సారియాలో కొత్తగా దిగిన మా తెల్లటి బూట్లను చూసి చిన్నగా నవ్వుతారు. ఆ నవ్వు భరించాలి.

బస దగ్గరే చెరి మూడు యూరోలు పెట్టి క్రెదెన్సియాల్ కొన్నాం. మడతలు పెట్టిన అట్ట, దాని నిండా ఖాళీ గళ్ళు. రోజుకు కనీసం రెండు చోట్ల ముద్ర వేయించుకోవాలి. చర్చిలో, బసలో, టీ కొట్టులాంటి బారులో, ఎక్కడైనా వేస్తారు. ముప్ఫై ఏళ్ళు ఇతరుల కాగితాల మీద ముద్రలు కొట్టినదాన్ని, నా కాగితం చాచి నిలబడటం ఇదే మొదలు. సారియాలో ముద్ర వేసిన కుర్రవాడు సిరా ఎక్కువ అద్ది, ఆరకముందే మడిచి ఇచ్చాడు. ఈ దారికి గుర్తయిన గవ్వ బొమ్మ అవతలి గడిలో తలకిందులుగా అచ్చు పడింది. నోటిదాకా వచ్చిన మాట మింగి, ఆ రాత్రి కాగితం తెరిచి ఆరబెట్టుకున్నాను. తర్వాత ప్రతిచోటా ముద్ర పడగానే నోటితో ఊదేదాన్ని. మా అమ్మాయి పక్కకు తిరిగి నవ్వేది.

సంచి గురించి ఒక్క మాట. మన ఒంటి బరువులో పదో వంతు మించకూడదని అందరూ చెబుతారు. నా సంచి మొదట తొమ్మిది కిలోలు తూగింది. ఉప్మా రవ్వ, కందిపొడి, ఊరగాయ, చిన్న డబ్బాలో నెయ్యి. మా అమ్మాయి అన్నీ తీసి మంచం మీద పరిచి, కందిపొడి మాత్రం ఉంచుదామంది. చివరకు రవ్వ కూడా వచ్చింది, ఎలా వచ్చిందో దానికి సారియాలో తెలిసింది. మోకాలి కోసం ఒక సంచిని రోజూ తర్వాతి ఊరికి పంపే సేవ పెట్టుకున్నాం, రోజుకు ఆరు యూరోలు. ఏప్రిల్ 28న స్పెయిన్ అంతటా కరెంటు పోయి కార్డులు పని చేయలేదన్న వార్త గుర్తుండి రెండు వందల యూరోలు నోట్లుగా దాచుకున్నాం. ఆ అవసరం రాలేదు గానీ, కొన్ని బారుల్లో నాణేలే అడిగారు.

మే 12 సోమవారం ఉదయం ఆరున్నరకు బయలుదేరాం. పౌర్ణమి, బుద్ధ పూర్ణిమ. మొదటి గంట ఓక్ చెట్ల కింద ఎక్కుడు. దారి తప్పే భయం అక్కరలేదు. గోడల మీద, చెట్ల మీద, రాళ్ళ మీద పసుపు బాణాలు. 1984లో ఓ సెబ్రెయ్రో అనే కొండ ఊరి పూజారి ఎలియాస్ వలీన్యా పసుపు రంగు డబ్బాలు పట్టుకుని ఈ బాణాలు గీయడం మొదలుపెట్టాడట. దారి పొడవునా రాతి గుర్తులు కూడా ఉన్నాయి, ఒక్కోదాని మీద గవ్వ బొమ్మ, కింద మిగిలిన దూరం మూడు దశాంశ స్థానాల వరకు. 113 కిలోమీటర్ల తర్వాత 246 మీటర్లు అని ఎందుకు రాస్తారో మొదట అర్థం కాలేదు. కాళ్ళు నొప్పి పుట్టాక ఆ మీటర్లన్నీ లెక్కే అయ్యాయి. సరిగ్గా వంద ఉన్న రాయి ఫెర్రెయ్రోస్ దాటాక వస్తుంది. దాని ముందు ఫోటోల కోసం క్యూ. మేమూ నిలబడ్డాం.

ఊళ్ళు మన కర్నూలు వైపు నాపరాతి ఊళ్ళను తలపించాయి. రాతి గోడలు, పలక రాళ్ళ కప్పులు, పేడ వాసన, అడ్డం వచ్చే ఆవులు. ప్రతి ఇంటి పక్కన స్తంభాల మీద నిలబెట్టిన ఇరుకైన పొడవాటి గాదె ఒకటి. ఓర్రియో అంటారు. ఎలుకలు ఎక్కకుండా స్తంభం నెత్తిన వెడల్పు రాయి పెడతారు. మక్కజొన్న కండెలకు గాలి ఆడేందుకు పక్కల సందులు. శిఖరాన శిలువ. మొదటిసారి చూసినప్పుడు సమాధి అనుకుని దండం పెట్టాను.

మధ్యాహ్నం రెండుంబావుకు మీన్యో నది మీద వంతెన కనిపించింది. వంతెన అవతల కొండ మీద పోర్తోమరీన్. ఆ ఊరి కథ నాకు ముందే తెలుసు, చదివాను. అయినా వంతెన మధ్యకు వచ్చేసరికి నడక ఆగిపోయింది. కింద నిండుగా నీళ్ళు, నది కాదది, జలాశయం. 1963లో బెలెసార్ ఆనకట్ట కట్టినప్పుడు పాత పోర్తోమరీన్ ఆ నీళ్ళ కిందికి పోయింది. కొండ మీద కొత్త ఊరు కట్టారు. "అమ్మా, కాళ్ళు నొప్పా?" అంది మా అమ్మాయి. కాదని తల ఊపాను. వంతెన దిగగానే నిటారు మెట్లు, పాత వంతెన కమాను ఒకటి వాటి కింద నిలబెట్టారు. ఇరవై రెండు కిలోమీటర్లు నడిచాక ఆ మెట్లు ఎవరినైనా ఏడిపిస్తాయి. కాబట్టి నేను ఏడ్చిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఊరి మధ్యలో చర్చి ఉంది. కోటలాంటి చర్చి, బురుజులతో సహా. మునిగిపోయే ముందు దాన్ని రాయి రాయి విప్పి, అంకెలు వేసి, కొండ మీదికి మోసి మళ్ళీ పేర్చారు. ఆ అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. దగ్గరికి వెళ్ళి వేలితో తాకాను. మసకబారిన రంగు, చేత్తో రాసిన అంకెలు, ఎవరో ఓపికగా ఒక్కో రాయి మీదా ఒక్కో సంఖ్య వేశారు. మా వైపూ ఇలా చేసిన గుడి ఉంది, కృష్ణా తుంగభద్రల కూడలిలోని సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురం తెచ్చి నిలబెట్టారు. కానీ నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది గుడి కాదు. మా ఊళ్ళో సర్వే వాళ్ళు వచ్చి ప్రతి ఇంటి తలుపు మీదా అంకె వేశారు. మాది 62. ఆ అంకె చెరగకుండా మా అమ్మ ఆ ఏడు సంక్రాంతికి తలుపు కడగలేదు, చెరిగితే పరిహారం రాదేమోనని. అంకె చెరగలేదు గానీ, జాబితాలో నాన్న పేరు తప్పు పడింది. ఒక్క అక్షరం. ఆ ఒక్క అక్షరం సరిచేయించడానికి నాన్న నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగారు. శ్రీశైలం నడకకు నల్లమలలో అలిసిపోని మనిషి, ఆ ఆఫీసుల మెట్లు ఎక్కి దిగి అలిసిపోయారు.

ప్రభుత్వ బసలో మంచం పది యూరోలు. ముందుగా పెట్టుకోవడం కుదరదు, ఒంటిగంటకు తలుపు తీస్తారు, ముందు వచ్చినవాళ్ళకు ముందు. వాడి పారేసే దుప్పటి గుడ్డ, దిండు గుడ్డ చేతిలో పెడతారు. నా నెరిసిన జుట్టు చూసి కింది మంచం ఇచ్చింది అక్కడి ఆవిడ. స్నానాల గదికి వెళితే వరసగా షవర్లు, తలుపులు లేవు. నైటీతోనే నిలబడి నీళ్ళు పోసుకున్నాను. పుష్కరాల రేవులో అందరి మధ్య చీరతో మునిగేవాళ్ళం కదా, ఇదీ అంతే అనుకున్నాను. మీట నొక్కితే పది సెకన్లు నీళ్ళు వచ్చి ఆగిపోతాయి. మోచేత్తో మీట నొక్కి పట్టుకోవడం రెండో రోజుకు అలవాటైంది.

అసలు దెబ్బ వంటగదిలో తగిలింది. మెరిసిపోతున్న పొయ్యి, సింకు, అరలు. అరల్లో ఒక్క గిన్నె లేదు. గరిటె లేదు. ఈ ప్రభుత్వ బసలన్నింటిలోనూ అంతేనట. రవ్వ పొట్లం చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడితే, ఒక కొరియా ఆవిడ తన సంచిలోంచి సొట్టలు పడిన చిన్న గిన్నె తీసి ఇచ్చింది. నా వయసే ఉంటుంది. ఉల్లిపాయ, పచ్చిమిరప దుకాణంలో దొరికాయి, కరివేపాకు ఊసే లేదు. ఉప్మా ముగ్గురం తిన్నాం. ఆవిడ కందిపొడి వాసన చూసి, వేలితో అద్దుకుని, ఇంకాస్త వేయమని గిన్నె చాచింది. మా మధ్య ఒక్క మాట కూడా ఒకరికొకరికి అర్థమయ్యేది లేదు.

తిన్నాక బారులో కాఫీకి వెళ్ళాం. మే నెలలో అక్కడ దాదాపు రాత్రి పది దాకా వెలుగుంటుంది. గోడ మీద పాత ఊరి ఫోటో, నది ఒడ్డున ఇళ్ళ వరస. నేను చాలాసేపు చూస్తుంటే బారు నడిపే ముసలావిడ వచ్చి ఒక ఇంటి మీద వేలు పెట్టింది. మా అమ్మాయి ఫోనులో అనువాదం పెట్టింది. వేసవి చివర నీళ్ళు తగ్గినప్పుడు తన పుట్టింటి వంటగది గోడ బయటపడుతుందని చెప్పింది. మాకూ అంతే, ఎండాకాలంలో మా ఊరి రచ్చబండ తేలుతుంది అని చెప్పించాను. ఆవిడ ఫోను కేసి చూడటం మానేసి నా కేసి చూసింది. కాఫీ డబ్బులు తీసుకోలేదు. బయటకు వస్తే జలాశయం మీద నిండు చంద్రుడు.

రెండో రోజు పాలాస్ దె రేయ్, ఇరవై ఐదు కిలోమీటర్లు. దాని గురించి చెప్పడానికి బొబ్బ తప్ప ఏమీ లేదు. పదో కిలోమీటరు దగ్గర మడమలో మంట మొదలైతే, ఇంకో ఊరు పోయాక చూద్దామని సాగదీశాను. అదే తప్పు. మంట తెలిసిన నిమిషంలోనే బూటు విప్పి పట్టీ వేయాలి. సాయంత్రానికి రూపాయి బిళ్ళంత బొబ్బ. సూదికి దారం ఎక్కించి గుచ్చమని ఒకాయన, గుచ్చితే చీము పడుతుందని ఇంకొకాయన, మంచాల మధ్య పెద్ద వాదం జరిగింది. మందుల దుకాణంలో పదకొండు యూరోల పట్టీలు కొన్నాను, అవి రెండో చర్మంలా అతుక్కుంటాయి. గోరు కూడా ఆ రోజే నల్లబడింది, దిగుడులో వేళ్ళు బూటు ముందు భాగానికి కొట్టుకుని. రాత్రి గురకలకు నిద్ర లేదు. తెల్లవారాక మా అమ్మాయి చెప్పింది, అందులో సగం నావేనట.

మూడో రోజు వానలో పదిహేను కిలోమీటర్లే నడిచి మెలీదెలో ఆగాం. మామూలుగా అందరూ పాలాస్ నుంచి అర్సూవా దాకా ఇరవై తొమ్మిది ఒకే రోజు నడుస్తారు. మేము రెండుగా విరిచాం, యాభై దాటినవాళ్ళు ఎవరైనా అలాగే చేయండి. మెలీదె ఆక్టోపస్‌కు పేరు. రాగి గుండిగల్లో ఉడికించి, కత్తెరతో ముక్కలు చేసి, చెక్క పళ్ళెంలో నూనె, కారప్పొడి చల్లి ఇస్తారు. మా అమ్మాయి తింది. నేను శాకాహారిని. గలీషియా సూపు అంటే ఆకుకూర, బంగాళదుంప, చిక్కుడు గింజలు అని సంబరపడి చెంచా ముంచితే పంది కొవ్వు వాసన వచ్చింది. తర్వాత అడిగి తెలుసుకున్నాను, అది లేకుండా ఆ సూపు చేయరట. ఆరు రోజులూ నన్ను బతికించినవి గుడ్డు వేసిన బంగాళదుంపల అట్టు (గుడ్డు తింటాను), రొట్టె, పాద్రోన్ మిరపకాయలు. చిన్న పచ్చిమిరపకాయలు నూనెలో వేయించి పైన కళ్ళుప్పు చల్లుతారు. కొన్ని కారం, కొన్ని చప్పన అని వాళ్ళకు సామెతే ఉంది. కర్నూలు నోటికి అన్నీ చప్పనే.

ఆ సాయంత్రం సంచి కనిపించలేదు. ప్రభుత్వ బసలు బయటి నుంచి పంపిన సంచులు తీసుకోవు, వాటిని దగ్గరి బారులో దింపిపోతారు. మొదటి రోజు పంపినవాళ్ళే బారు పేరు చెప్పారు కాబట్టి ఇబ్బంది రాలేదు. మెలీదెలో చెప్పలేదు, మేము అడగలేదు. తడిసిన బట్టలతో నాలుగు బారులు తిరిగితే ఐదోదాంట్లో, బీరు పీపాల వెనక దొరికింది. గంటం పావు పట్టింది. పొద్దున సంచికి కట్టే కవరు మీద బారు పేరు మీరే రాసుకోండి.

అర్సూవాలో ఒళ్ళు నొప్పులకు లొంగిపోయి యాభై ఐదు యూరోలకు విడి గది తీసుకున్నాం. తలుపున్న స్నానాల గది. నాలుగో రోజుకు అది వైకుంఠం. ఐదో రోజు, ఓ పెద్రౌసో దాకా పంతొమ్మిది కిలోమీటర్లు, ఎక్కువ భాగం నీలగిరి చెట్ల అడవి. వానకు తడిసిన ఆ ఆకుల వాసన జలుబు చేసినప్పుడు మా అమ్మ రుమాలు మీద వేసే తైలం వాసన. ఆ అడవిలో మా అమ్మాయి తన పెళ్ళి చెడిపోయిన సంగతి మొదటిసారి మొత్తం చెప్పింది. ఇద్దరం ముందుకే చూస్తూ నడుస్తాం కాబట్టి చెప్పగలిగిందేమో. అందులో ఏముందో ఇక్కడ రాయను. రెండు గంటలు విన్నాను, ఒక్క సలహా ఇవ్వలేదు. నా జీవితంలో అది కూడా ఇదే మొదలు.

ఆ రాత్రి మా అమ్మాయి మంచం మీద కూర్చుని ఫోనులో సాంతియాగో కార్యాలయానికి వివరాలు నింపింది. ముందుగా నింపితే అక్కడ చూపడానికి ఒక కోడ్ వస్తుంది, చాలా సమయం కలిసొస్తుంది. ఎక్కడ మొదలుపెట్టారు, నడకా సైకిలా, ఏ దేశం. తర్వాత ఆగింది. "ఎందుకు చేశారని అడుగుతోందమ్మా. మతపరంగానా, ఆధ్యాత్మికంగానా, మరో కారణమా?"

"మొక్కు అని లేదా?"

"లేదు."

"నేను క్రైస్తవురాలిని కాదు కదా, మతపరం అంటే అబద్ధం అవుతుంది. మరో కారణం అంటే అదీ అబద్ధమే." చివరకు రెండోది నొక్కాం. మతమూ ఆధ్యాత్మికతా ఏదీ కాదన్నవాళ్ళకు వేరే రకం పత్రం ఇస్తారట.

మే 17 ఉదయం ఆరుకు చీకట్లో దీపాలు పెట్టుకుని బయలుదేరాం. విమానాశ్రయం కంచె పక్కన నడిచి, మోంతె దో గోసో అనే గుట్ట ఎక్కితే యాకోబు సమాధి ఉన్న పెద్ద చర్చి, కేథడ్రల్, గోపురాలు మొదటిసారి కనిపిస్తాయి. పేరుకు అర్థం ఆనందపు కొండ. మాకు కైలాస ద్వారం ఎలాగో వాళ్ళకిది. అక్కడి నుంచి ఊళ్ళోకి ఐదు కిలోమీటర్లు, కాలిబాటలు, సిగ్నళ్ళు, ఎర్ర దీపాలు. అదే అన్నిటికంటే పొడవుగా అనిపించింది. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. ఆ రోజు గలీషియా భాషా సాహిత్య దినోత్సవమట, 1963 నుంచి ఏటా మే 17న జరుపుకుంటారు, సెలవు. పోర్తోమరీన్ మునిగిన ఏడూ అదే. ఈసారి దినోత్సవాన్ని పాటలు పాడే పల్లె స్త్రీలకు, వాళ్ళ నోటి పాటలకు అంకితం చేశారు. సందు మలుపులో ఏడెనిమిది మంది ఆడవాళ్ళు గిలకల తప్పెట్లు వాయిస్తూ పాడుతున్నారు, అందులో ఇద్దరు నాకన్నా పెద్దవాళ్ళు. రాగం సాగదీసి చివర ఒక్కసారి విరిచేస్తున్నారు. మా వైపు నాట్లేసేటప్పటి పాట అలాగే విరుగుతుంది. మందుల దుకాణం కోసం వెతుకుతున్న మేము అది మరిచిపోయి పావుగంట నిలబడ్డాం.

పన్నెండున్నరకు కేథడ్రల్ ముందున్న ఓబ్రదోయ్‌రో మైదానంలోకి అడుగుపెట్టాం. జనం రాళ్ళ మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు, సంచులు దిండుగా పెట్టుకుని. కొందరు ఏడుస్తున్నారు, కొందరు అరుస్తున్నారు. నాకు ఏమీ అనిపించలేదు. నిజం. దాహం వేసింది. బూట్లు విప్పి రాతి మీద అరికాళ్ళు ఆనించాను, రాయి చల్లగా ఉంది.

కార్యాలయం అక్కడికి దగ్గరే, కార్రెతాస్ వీధిలో. కోడ్ చూపిస్తే నంబరు చీటీ. నలభై నిమిషాలు కూర్చున్నాం. బ్యాంకులో మాదిరిగా తెర మీద నంబరు, దాని పక్కన కౌంటరు సంఖ్య. నా నంబరు వచ్చేసరికి లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకోబోయాను, ఉన్నది ప్యాంటు. కౌంటర్లో ఉన్న పెద్దాయన సేవకు వచ్చిన మనిషి, ఇంగ్లీషు నెమ్మదిగా మాట్లాడాడు. నా ముద్రలన్నీ వరుసగా చూశాడు, తేదీలు సరిపోయాయో లేదో వేలితో లెక్కపెట్టాడు. ఆ వేలు కదిలే తీరు నాకు తెలుసు. తలకిందుల గవ్వ దగ్గర ఆగి కనుబొమలు ఎత్తాడు. సిరా అని చెప్పాను.

ఎందుకు నడిచారు అని ఆయన కూడా అడిగాడు, మాటవరసకే కావచ్చు. మా నాన్న పేరు మీద నడిచానని, ఆయన లేరని చెప్పాను. అప్పుడు ఆయన పెన్ను కింద పెట్టి, అలాగైతే పత్రంలో ఆ మాట రాయవచ్చు అన్నాడు. పోయినవారి బదులుగా, రాలేని రోగుల బదులుగా నడిచినవారికి లాటిన్‌లో "వికారియె ప్రో" అని చేర్చి ఆ పేరు రాస్తారట. మాకెవరూ చెప్పలేదు, అడగకపోతే తెలిసేదే కాదు. పేరు ఎలా రాయాలి అన్నాడు. పాస్‌పోర్టు చివరి పేజీలో ఉన్న తండ్రి పేరు చూపబోయి ఆగాను. అందులో ఉన్నది పరిహారం జాబితాలో పడిన తప్పు. అది కాగితం నుంచి కాగితానికి పాకి నా దాకా వచ్చింది. ఆయన దగ్గర చీటీ, పెన్ను అడిగి పుచ్చుకుని, పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాను. ఆయన రాశాక రెండుసార్లు సరిచూశాను. పత్రానికి డబ్బు తీసుకోలేదు. దూరం రాసి ఇచ్చే రెండో కాగితం మూడు యూరోలు, చుట్టి పెట్టే గొట్టం రెండు.

సంచులతో కేథడ్రల్ లోపలికి రానివ్వరు, బసలో పెట్టి వచ్చాం. పీఠం వెనక మెట్లెక్కి యాకోబు విగ్రహాన్ని వెనక నుంచి కౌగిలించుకోవచ్చు, కింద చిన్న గదిలో ఆయన అస్థికలు ఉన్నాయని నమ్మే వెండి పెట్టె చూడవచ్చు. వరసలో ఇరవై నిమిషాలు. వెండి పెట్టె ముందు కటకటాల దగ్గర నిలబడి, ఎవరైనా "జరగండి, జరగండి" అంటారేమోనని భుజాలు బిగించుకున్నాను. ఎవరూ అనలేదు. నా వెనకావిడ నేను కదిలేదాకా ఆగింది. తిరుమలలో అన్ని గంటలు నిలబడి అర నిమిషం దొరకని నేను, ఇక్కడ అంత తీరిక దొరికేసరికి ఏం కోరుకోవాలో తెలియక "నాన్నా, వచ్చాను" అని మాత్రం అనుకున్నాను.

రాత్రి ఏడున్నర పూజకు గంట ముందే వెళ్ళి కూర్చున్నాం, చోటు దొరికింది. ఆ పేరున్న పెద్ద ధూపపాత్ర, బోతాఫుమెయ్రో, ఆ రోజు ఊగలేదు. యాభై మూడు కిలోల పాత్రను ఎనిమిది మంది తాళ్ళు లాగి కప్పు దాకా ఊపుతారని చదివి ఆశగా వచ్చాం. అది కొన్ని పండుగలకే, లేదా ఎవరైనా ముందుగా అడిగి ఖర్చు భరిస్తేనే. నా చుట్టూ ఫోనులు పైకెత్తి కూర్చున్నవాళ్ళు చివరికి దించేశారు. ప్రార్థనలో "పాపా లెయోన్" అన్న మాట వినిపించింది. కొత్త పోపు ఎన్నికై అప్పటికి తొమ్మిది రోజులు, మర్నాడే రోములో ఆయన పదవీ స్వీకార పూజ. ప్రసాదం పంచేటప్పుడు మేము లేవలేదు, అది కేథలిక్కులకే. పక్కన కూర్చున్న కొరియా ఆవిడ, గిన్నె ఆవిడే, లేచి వెళ్ళి వచ్చి నా చేయి పట్టుకుని కూర్చుంది.

లెక్క చెప్పేస్తాను. విమానాలు కాక ఇద్దరికీ మంచాలు, గదులు 277 యూరోలు, అందులో సాంతియాగోలో సెలవు రోజు గది ఒక్కటే 96. తిండి 336. సంచి 36, బస్సులు 28, కాగితాలు 16, పట్టీలు, వాన కోటు 20. అప్పట్లో యూరో తొంభై ఐదు రూపాయల పైనే ఉండేది.

మర్నాడు విమానాశ్రయం నుంచి తమ్ముడికి ఫోను చేసి పత్రం సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"అక్కా, నాన్న పేరు ఎలా రాయించావు? పట్టాలో ఉన్నట్టా, రేషన్ కార్డులో ఉన్నట్టా?"

"నాన్న సంతకం పెట్టేటట్టు" అన్నాను.